జాంథేట్ విరిగాక మిగిలేదేమిటి?

సీసం, జింకు, రాగి ఖనిజాలను మెత్తగా నూరి నీళ్లలో కలిపి గాలి ఊదితే, ఖనిజ రేణువులు నురగను పట్టుకుని పైకి తేలతాయి. వాటిని అలా తేల్చే ప్రధాన రసాయనం జాంథేట్. 1820లలో డెన్మార్క్ శాస్త్రవేత్త జైజే కనుగొన్న ఈ పదార్థాన్ని గనుల బాట పట్టించింది 1925 నాటి కార్నీలియస్ కెల్లర్ పేటెంటు. వాడినదాంట్లో అధిక భాగం ఖనిజంతోనే పోతుంది; మిగిలింది వ్యర్థాల చెరువుకు చేరుతుంది.

అక్కడ అది ఎంతకాలం ఉంటుందన్నది ముఖ్యంగా నీటి పీహెచ్ మీద ఆధారపడుతుంది. ఆమ్ల జలంలో నిమిషాల్లోనే కార్బన్ డైసల్ఫైడ్‌గా, ఆల్కహాల్‌గా విడిపోతుంది. పీహెచ్ 7, ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉంటే ఇథైల్ జాంథేట్ సగానికి తగ్గడానికి సుమారు 260 గంటలు పడుతుంది. క్షారజలంలో ఇంకా ఆలస్యం. పైరైట్ తేలకుండా ఆపడానికి కర్మాగారాలు కలిపే సున్నమే ఇక్కడ జాంథేట్‌కు ఆయుష్షు పోస్తుంది. చలి కూడా అంతే. ఎండ జాంథేట్ విరగడాన్ని వేగిరం చేస్తుంది కానీ, బురదనీటిలో దాని ప్రభావం పైపొరకే పరిమితం.

అయితే విరిగినంత మాత్రాన విషం పోదు. కార్బన్ డైసల్ఫైడ్ 46 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి తెరిచిన చెరువులో చాలావరకు గాలిలో కలుస్తుంది. అంటే కాలుష్యం పోలేదు, చోటు మారింది. మూసిన తొట్టెలో పేరుకుంటే నిప్పంటుకునే ప్రమాదం. జాంథేట్ ఆక్సీకరణ చెందితే నూనెలాంటి డైజాంథోజెన్ పుడుతుంది. నీటిలో సరిగా కరగని ఈ పదార్థం రేణువులకు అంటుకుంటుంది. ఆ నీటిని మళ్లీ మిల్లుకు పంపితే అక్కర్లేని ఖనిజాలనూ పైకి తేల్చగలదు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో శుద్ధి చేసినా, మోతాదు చాలకపోతే చర్య మధ్యలోనే ఆగి పెర్‌జాంథేట్ వంటివి మిగులుతాయి. సల్ఫేట్, కార్బొనేట్‌ల దాకా తీసుకెళ్లడమే అసలు ఖర్చు.

విరగడానికీ విషం పోవడానికీ మధ్య ఉన్న ఈ తేడాను పట్టించుకున్న ఉదాహరణ సయనైడ్ రంగంలో ఉంది. అమెరికాలోని దక్షిణ డకోటాలో హోమ్‌స్టేక్ బంగారు గని 1984లో బ్యాక్టీరియాతో శుద్ధి కేంద్రం నడిపించింది. తొలి దశలో సయనైడ్, థయోసయనేట్ విరిగి అమ్మోనియా వచ్చేది. అదీ చేపలకు విషమే కనుక దాన్ని నైట్రేట్‌గా మార్చడానికి రెండో దశ పెట్టారు.

జాంథేట్ కొలతలో ఆ జాగ్రత్త అంతగా కనిపించదు. 301 నానోమీటర్ల దగ్గర అతినీలలోహిత కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూసి జాంథేట్‌ను లెక్కగడతారు. కార్బన్ డైసల్ఫైడ్ పీల్చుకునేది మాత్రం 206 నానోమీటర్ల దగ్గర. మొదటి అంకె ఒక్కటే చూస్తే రెండోది లెక్కలోకే రాదు.