జిద్దాకు ముందే వచ్చే హద్దు

ఉమ్రాకు బయలుదేరుతున్న మా విద్యార్థి తండ్రి ఒకరు కర్నూలు నుండి వచ్చి, "మౌలానా సాబ్, జిద్దా ఎంత దూరం? ఎన్ని గంటల్లో చేరతాం?" అని అడిగారు. హైదరాబాదు నుండి జిద్దాకు ఆకాశమార్గాన సుమారు 4,100 కిలోమీటర్లు. మధ్యలో ఆగని విమానం ఇంచుమించు ఆరు గంటలలో చేరుస్తుంది. అయితే యాత్రికుని లెక్క అంతటితో పూర్తికాదు.

ఇంటి గడప నుండి లెక్కించండి. కర్నూలు నుండి శంషాబాద్‌కు నాలుగు గంటలు, అక్కడ నిరీక్షణ మూడు గంటలు, గగనయానం ఆరు గంటలు, జిద్దాలో తనిఖీలకు రెండు గంటలు, అక్కడి నుండి మక్కాకు 80 కిలోమీటర్ల రోడ్డు. హరమ్ చేరేసరికి పదహారు గంటలు దాటుతుంది.

1995 వరకు మన పెద్దలు బొంబాయి నుండి ఓడలో కూడా హజ్‌కు వెళ్లేవారు. యలమ్‌లమ్ మీఖాత్ సమీపించేలోగా స్నానం చేసి ఇహ్రామ్ ధరించడానికి వారికి రోజుల తరబడి తీరిక ఉండేది. విమానంలో ఆ తీరిక లేదు. జిద్దాలో దిగడానికి సుమారు అరగంట ముందే మీఖాత్ క్షణాలలో దాటిపోతుంది.

కొన్నేళ్ల క్రితం మా బృందంలోని ఒక వృద్ధుడు ఇహ్రామ్ వస్త్రాలను విమానం అడుగున వేసే పెట్టెలో సర్దుకున్నారు. మీఖాత్ వస్తున్నదని ప్రకటించగానే లేచి నిలబడి, "నా పెట్టె ఎక్కడ?" అని అడిగారు. మా వద్ద జవాబు లేదు. మీఖాత్‌కు తిరిగి వెళ్లి ఇహ్రామ్ కట్టుకోకుంటే దమ్ ఇవ్వవలసి వచ్చేది. కొడుకు ఆయనను కారులో వెనక్కి తీసుకువెళ్లాడు. మేమంతా కాబాను చూసిన రాత్రి ఆయన ఇంకా దారిలోనే ఉన్నారు. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కాని సర్దుకునే వేళ చెప్పవలసింది మేమే. ఫిఖ్ఃహ్ గ్రంథాలు బోధించే మేము ఒక పెట్టె సంగతి చెప్పడం మరచాము.

కాబట్టి పురుషులు ఇంటి వద్దనో విమానాశ్రయంలోనో ఇహ్రామ్ వస్త్రాలు ధరించి, మీఖాత్‌కు ముందు సంకల్పం చేసుకుని తల్బియా పలకాలి. స్త్రీలకు ప్రత్యేక వస్త్రం లేదు. సంకల్పం, తల్బియా చాలు. పక్కన నిద్రిస్తున్న పెద్దలను ముందుగానే లేపండి.

గడియారం సంగతి కూడా గుర్తుంచుకోండి. సౌదీ సమయం మన కంటే రెండున్నర గంటలు వెనుక. ఉదయం 10 గంటలకు బయలుదేరినవారు అక్కడి గడియారం ప్రకారం మధ్యాహ్నం 1.30 ప్రాంతంలో దిగుతారు. పడమరకు పోయేవారికి పగలు పొడవవుతుంది. ఉపవాసి హైదరాబాదు వేళను బట్టి ఇఫ్తార్ చేయరాదు. తానున్న చోట సూర్యుడు అస్తమించాలి. ప్రయాణికునికి ఉపవాసం వాయిదా వేసుకునే వెసులుబాటు ఉంది. ఊరి పొలిమేర దాటగానే నాలుగు రకాతుల ఫర్జ్ నమాజు రెండవుతుంది.

ఆ తండ్రి లేవబోతుండగా మేము మొదట అడిగినది ఇదే: "ఇహ్రామ్ ఏ సంచిలో పెట్టారు?" అల్లాహ్ మనందరి ప్రయాణాలను సులభతరం చేయుగాక. ఆమీన్.