తీతువు అరిస్తే కాస్త ఆగుదాం

ఉగాది దగ్గర పడితే చాలు, వికారాబాద్‌కీ తాండూరుకీ మధ్యనున్న కోట్‌పల్లి ప్రాజెక్టుకి పక్షులు చూడ్డానికని బ్యాచ్‌లుగా బయల్దేరుతున్నాం. మంచిదే. పాలపిట్ట మన రాష్ట్ర పక్షి అని తెలిసినా దసరాకి తప్ప దాన్ని వెతకనివాళ్లం కదా! కానీ ముప్పై మంది ఒకేసారి నీటి అంచున నడవడం మాత్రం నాకు నచ్చడం లేదు.

మార్చి నుంచి తీతువులు గుడ్లు పెట్టే కాలం. గూడంటూ ఏమీ కట్టవు. నీళ్లు తగ్గి బయటపడ్డ గులకరాళ్ల నేలలో చిన్న గుంట చేసి, మామూలుగా నాలుగు గుడ్లు పెడతాయి. మట్టిరంగు, పైన నల్లమచ్చలు. అడుగు దూరంలో ఉన్నా రాళ్లే అనుకుంటాం. మన కళ్లేమో బైనాక్యులర్‌లో, దూరంగా బాతుల మీద! తీతువు నెత్తిమీద తిరుగుతూ గోలపెడితే ఊళ్లో అపశకునం అంటారు, మనవాళ్లు రీల్ తీస్తారు. పాపం, అది మొత్తుకునేది గుడ్ల కోసం.

అందుకే ఈ ఎండాకాలమంతా పది మందికి మించకుండా వెళ్దాం, కట్ట మీద నుంచే చూద్దాం. ఫొటోలో పిట్ట చిన్నగా పడుతుంది, పడనీ. దిగాల్సిందే అంటే, తీతువు అరవగానే కాళ్లకింద చూసుకుంటూ వచ్చిన దారినే వెనక్కి రావాలి.