ఆల్చిప్పను అడిగితే పోలా?

మాది గుడిబండ. కర్ణాటక సరిహద్దు పక్కన. మా వైపు నీళ్ల గురించి మాట్లాడితే బోరు ఎన్ని అడుగులకు పడిందనేదే లెక్క. అలాంటివాణ్ణి విశాఖ హార్బరు ఆల్చిప్పల మీద రాస్తున్నానంటే రూమ్మేట్లు నవ్వుతున్నారు. నవ్వనీండి.

నా వాదన ఒకటే. కాలుష్యం కొలవడానికి బాటిల్లో పట్టిన నీళ్లు చాలవు. బాటిల్ చెప్పేది ఆ నిమిషం సంగతి. రాత్రి వదిలిన మురుగు పొద్దునకల్లా ఆటుపోట్లతో వెళ్లిపోతే రిపోర్టు శుభ్రంగా వస్తుంది. ఆల్చిప్ప అలా కాదు. రాతికో జెట్టీ స్తంభానికో అతుక్కుని, నీళ్లు వడగట్టుకుంటూ బతుకుతుంది. ఆ నీళ్లలోని కాడ్మియం, పాదరసం దాని ఒంట్లో పేరుకుంటాయి. పారిపోలేదు, సెలవు పెట్టదు. అందుకే 1975లో ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ 'మస్సెల్ వాచ్' ప్రతిపాదించాడు. 1986 నుంచి అమెరికా తన తీరంలో దాన్ని నడుపుతోంది.

ఒంట్లో ఎంత విషం చేరిందన్నది సగం సంగతే. అది ఏం చేసిందో కామెట్ పరీక్ష చెబుతుంది. కణాలను జెల్‌లో పరిచి, పొరలు కరిగించి, కరెంటు పెడతారు. బాగున్న డీఎన్‌ఏ ముద్దగా ఉన్నచోటే ఉంటుంది. తెగిన ముక్కలు పక్కకు జరిగి తోకచుక్కలా తోక కడతాయి. తోక ఎంత పెద్దదైతే దెబ్బ అంత.

విశాఖ లోపలి హార్బరు చుట్టూ భూమి, సముద్రంలోకి ఇరుకు దారి. మేఘాద్రి గెడ్డ, ఊరి మురుగు, ఓడల నూనె అన్నీ అక్కడికే. పచ్చ ఆల్చిప్ప ఆ తీరంలోనే దొరుకుతుంది. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రమూ ఆ ఊళ్లోనే ఉంది. ఈ పరీక్ష పరిశోధన పత్రాల్లో ఉంటే సరిపోదు. కాలుష్య నియంత్రణ మండలి ఏటా చేసి, ఫలితాలు జాలరిపేటల్లో తెలుగులో అంటించాలి. అక్కడి చేపలు తినేది వాళ్లే కదా.

ఒక చిక్కుంది, దాచను. ఎండ వేడికీ, గుడ్లు పెట్టే కాలానికీ కూడా ఈ లెక్కలు మారతాయి. అందుకే శుభ్రమైన చోటి ఆల్చిప్పలతో అదే నెలలో పోల్చాలి. పైగా దెబ్బ తగిలిందని చెబుతుందేగానీ కొట్టిందెవరో చెప్పదు. దానికి రసాయన పరీక్షలు కావాల్సిందే.

మన సీమకు దీంతో పనేంటంటారా? తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో 1980ల్లోనే మంచినీటి ఆల్చిప్ప మీద పురుగుమందుల ప్రభావాన్ని పరిశీలించారు. చెరువు నిండిన ఏడాది మన దగ్గరా చేయొచ్చు. సీఎస్ఈ వాళ్లకో మాట: ఆ తోకల పొడవు ఫొటోల్లోంచి కొలిచేది సాఫ్ట్‌వేరే. మినీ ప్రాజెక్టుకు మళ్లీ అటెండెన్స్ యాప్ ఎందుకు?