కొత్త క్యాంపరు బండి: వెలుపల, లోపల



విదేశాలలో క్యాంపరు వ్యాను అంటే మంచము, పొయ్యి అమర్చుకొని విహారానికి బయలుదేరే బండి. మన ఖమ్మం, భద్రాచలం పల్లెలలో క్యాంపరు అంటే వేరు. ముందు క్యాబిన్లో రెండు వరుసల సీట్లు, వెనుక ఇనుప తొట్టి ఉండే మహీంద్రా బొలెరో క్యాంపరు, లేదా ఆ తరహా బండి. ఖమ్మం మార్కెట్టుకు మిర్చి బస్తాలు మోసేది అదే. ఆదివారం కుటుంబాన్ని మందిరానికి తెచ్చేది అదే. అర్ధరాత్రి పురిటి నొప్పులు మొదలైతే అడవి దారిన ఆసుపత్రికి పరుగెత్తేది అదే. మార్కెట్టులో కాంటా ఆలస్యమైతే ఆ రాత్రికి పడకగది కూడా అదే.

అప్పు చేసి, కిస్తీలు కడుతూ తెచ్చుకున్న బండి చాలా ఏండ్లు మన్నాలి. అంతకంటే ముఖ్యము, దానిలో ఎక్కిన బిడ్డ క్షేమముగా దిగాలి. బరువును, బిడ్డను ఒకే బండి మోస్తున్నది గనుక మనకు శుభ్రము అంటే పైమెరుపు మాత్రమే కాదు. ఈ మాట మనసులో పెట్టుకొని కొన్ని సంగతులు చూద్దాము.

మొదటి వారము

బండి ఇంటికి రాగానే ప్రార్థన పెట్టుకుంటాము, పూలదండలు వేస్తాము. సంతోషమే. అయితే దండలో ఇనుప తీగ ఉంటే బానెట్టుపై గీతలు పడతాయి. దారముతో గుచ్చిన దండ వేసి, సాయంత్రానికి తీసివేయండి. రిబ్బన్లను టేపుతో అంటిస్తే ఎండకు ఆ జిగురు రంగును పట్టుకొని వదలదు. వాక్యపు స్టిక్కర్లను ముందు అద్దానికి అడ్డముగా అంటించిన బండ్లను మేము సంఘములకు వెళ్లే దారిలో తరచు చూస్తుంటాము. వాక్యము మంచిదే, డ్రైవరు చూపుకు మాత్రము అడ్డు రాకూడదు.

సీట్ల మీద కంపెనీ వేసి పంపిన ప్లాస్టిక్ తొడుగులను కొందరు ఏడాదైనా తీయరు. సీటు కొత్తగా ఉంటుందని వారి ఆశ. కాని దాని కింద తేమ చేరి బూజు పడుతుంది, వాసన కొడుతుంది. ప్లాస్టిక్ తీసివేసి, ఉతుక్కోగల నూలు కవర్లు కుట్టించండి. బండి అడుగున తుప్పు పట్టని పూత వేయించదలిస్తే బురద తొక్కకముందే వేయించండి.

వెలుపల

మన దారులలో మొరం దుమ్ము, మణుగూరు వైపు వెళ్తే బొగ్గు దుమ్ము. పొడి గుడ్డతో తుడిస్తే గరుకు కాగితముతో రుద్దినట్లే. ముందు నీళ్లు బాగా పోసి దుమ్మును జారనివ్వండి. తరువాత రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదానిలో బండి షాంపూ నీళ్లు, మరొకదానిలో గుడ్డ జాడించే మంచినీళ్లు. పైనుండి కిందికి కడగాలి. చక్రాలకు గుడ్డ వేరు. బట్టల పొడి, అంట్ల సబ్బు వాడితే రంగు మీద ఉన్న మైనపు పూత పోతుంది. మిట్టమధ్యాహ్నము ఎండలో కడిగితే మరకలు మిగులుతాయి. ఉదయమో, సాయంత్రమో నీడలో కడిగి, మెత్తని గుడ్డతో తడి అద్దండి.

చింతచెట్టు నీడ చల్లనిదే గాని పక్షి రెట్ట, చెట్టు జిగురు రంగును తింటాయి. వాటిని గోటితో గీకవద్దు. తడిగుడ్డ పది నిమిషాలు కప్పి, మెత్తబడ్డాక తుడవండి.

మడ్‌గార్డుల లోపల ఎండిన బురద తేమను పట్టి ఉంచుతుంది. తుప్పు తరచు అక్కడే మొదలవుతుంది. తలుపుల అడుగున నీరు కారిపోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. అవి మట్టితో మూసుకుపోతే తలుపు లోపలి నుండి పుచ్చుతుంది. సన్నని పుల్లతో మట్టి తీస్తే చాలు.

వెనుక తొట్టి

యూరియా, పొటాషు తేమను లాగి ఇనుమును తింటాయి. ఎరువు దించిన రోజే తొట్టి ఊడ్చి, కడిగి, ఆరబెట్టండి. రబ్బరు పట్టా పరిచినవారు వారానికి ఒకసారి దాన్ని ఎత్తి చూడాలి. పట్టా కింద నిలిచిన నీరు మన కంటికి కనబడదు.

పురుగుమందు సంగతి మరింత జాగ్రత్తగా వినండి. 2013 జూలైలో బీహారు రాష్ట్రములో ఒక బడిలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసినట్లు పరీక్షలలో తేలింది. మన పత్తి, మిర్చి రైతులు ఎరిగిన మందే అది. అందుచేత మందు డబ్బాలను క్యాబిన్లో పెట్టకండి. మూత గట్టిగా పట్టే డ్రమ్ములో వేసి తొట్టిలో కట్టండి. అదే ప్రయాణములో బియ్యము, నూనె, పశువుల దాణా తేవద్దు. మందు ఒలికితే వెంటనే నీళ్లు కొట్టకండి, అది ఇంకా పరుచుకుంటుంది. చేతులకు తొడుగులు వేసుకొని, పొడి మట్టి చల్లి పీల్చనిచ్చి, ఆ మట్టిని బావికి, వాగుకు దూరముగా గుంటలో పూడ్చండి. తరువాత సబ్బు నీటితో కడగండి. తొట్టిలో మనుషులను ఎక్కించడము ఎలాగూ చట్టము ఒప్పని పని.

లోపల

మిర్చి దింపి వచ్చాక క్యాబిన్ను పొడి చీపురుతో ఊడిస్తే ఆ ఘాటు లేచి మళ్లీ సీట్ల మీదనే పడుతుంది, మరునాడు పసిబిడ్డ కండ్లు మండుతాయి. ముక్కుకు గుడ్డ కట్టుకొని తడిగుడ్డతో తుడవండి. కాళ్ల కింది పట్టాలు ఎత్తి ఎండలో వేయండి. పల్లీలు, మరమరాలు సీట్ల సందులలో ఉంటే ఎలుకలు వస్తాయి. ఎలుక వస్తే వైర్లు కొరుకుతుంది. బండిని పొదల పక్కన నిలపవద్దు. వానకాలములో బానెట్టు తెరిచే ముందు కాస్త తట్టండి, వెచ్చదనానికి పాములు చేరవచ్చు.

బండిలో నిద్రించవలసి వస్తే ఇంజను నడుపుతూ పడుకోవద్దు. ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు. మూసిన క్యాబిన్లో దోమల కాయిలు వెలిగించడమూ ప్రమాదమే. అద్దాలు కొంత దించి దోమతెర గుడ్డ కట్టుకోండి.

వాగు, వరద

బండిని వాగులో దింపి కడగడము చాలాచోట్ల చూస్తున్నాము. చక్రాల బేరింగులలోకి నీరు చేరుతుంది. బండికి అంటిన నూనె, మందు పశువులు తాగే నీటిలో కలుస్తుంది. దిగువన స్నానము చేసేది పొరుగు ఊరి బిడ్డలే. ఇంటి దగ్గర రెండు బకెట్లు చాలు.

గోదావరి ఒడ్డున ఉన్నవారు మరో జాగ్రత్త తీసుకోవాలి. భద్రాచలము వద్ద నీటిమట్టము 43 అడుగులకు చేరితే మొదటి, 48కి రెండవ, 53కి మూడవ హెచ్చరిక ఇస్తారు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. మొదటి హెచ్చరికకే బండిని మెట్టకు చేర్చండి. నీట మునిగిన బండికి తాళము తిప్పవద్దు, ఇంజను పాడైపోతుంది. బ్యాటరీ తీగ విప్పి, లాగించుకొని మెకానిక్కు దగ్గరకు తీసుకుపోండి. కేవలము థర్డ్ పార్టీ బీమా ఉంటే వరద నష్టము రాదు. కాగితము ఒకసారి తీసి చదువుకోండి.

పూర్వము మన పెద్దలు పొలము నుండి రాగానే ఎడ్లను కడిగి, మేత వేసి, ఆ తరువాతనే తాము కూడు తినేవారు. బండికి కందెన పెట్టనిదే ప్రయాణము కట్టేవారు కాదు. గిన్నె వెలుపల కడిగి లోపల విడిచిపెట్టేవారిని మన ప్రభువు గద్దించిన సంగతి మనకు తెలుసు. ఆయన లోపల మొదట శుభ్రము చేయమన్నాడు. ఈ శనివారము సాయంత్రము బకెట్టు పట్టుకున్నప్పుడు, ముందుగా పిల్లలు కూర్చునే వెనుక సీటుతో మొదలుపెట్టండి. బానెట్టు కొంచెము ఆగినా పరవాలేదు.

మీ ప్రయాణములు క్షేమముగా సాగును గాక.