బయట తిండి మానేయడమే మందా?

2024 అక్టోబర్ 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. హైదరాబాద్‌లో మోమోలు తిన్న ఒక మహిళ చనిపోయి, పలువురు ఆస్పత్రి పాలైన తర్వాత తీసుకున్న నిర్ణయమది. ఆ ఏడాది హోటళ్లపై వరుసగా జరిగిన తనిఖీల వార్తలు మీరూ చూసే ఉంటారు. ‘ఇక బయట తినేది లేదు’ అని చాలా ఇళ్లలో అనుకున్నారు. కొన్నాళ్లకు బిర్యానీ ప్యాకెట్ మళ్లీ ఇంటికొచ్చింది.

ఆరోగ్యంగా ఉన్నవారికి అది నాలుగు రోజుల ముచ్చట. ఏళ్ల తరబడి పేగుల జబ్బుతో బతికేవారికి మాత్రం రోజూ ఎదురయ్యే ప్రశ్న. బోధన్ నుంచి నిజామాబాద్‌కు రోజూ వచ్చిపోయే ఉద్యోగికి, స్పెషలిస్టు డాక్టరును కలవడానికి హైదరాబాద్ బస్సెక్కే రైతుకు, మేనకోడలి పెళ్లికి తప్పక వెళ్లాల్సిన ఇల్లాలికి బయట తిండి సరదా కాదు, అవసరం. వీరిలో కొందరు భయంతో రోజంతా పస్తుంటారు. మరికొందరు ‘అయ్యేదేదో అవుతుంది’ అని దొరికిందల్లా తింటారు. రెండూ నష్టమే. మీకున్న జబ్బేమిటో, అది ఇప్పుడు ఏ దశలో ఉందో తెలిస్తే బయట తినడానికి దారి ఉంటుంది. తెలియకపోతే ఇంట్లో తిన్నా ఇబ్బందే.

మూడు జబ్బులు, మూడు లెక్కలు

అందరూ ‘గ్యాస్ ట్రబుల్’ అనే మాటతో సరిపెట్టే వాటిలో మూడు వేర్వేరు జబ్బులు ఉండొచ్చు.

మొదటిది ఐబీఎస్. పేగులో పుండు ఉండదు, కదలికల్లో తేడా ఉంటుంది. నొప్పి, ఉబ్బరం, విరేచనాలు లేదా మలబద్ధకం బాధిస్తాయి. ఉల్లిగడ్డ, వెల్లుల్లి, గోధుమ, శనగపిండి, పాలు కొందరికి పడవు. తింటే ఆ పూట అవస్థ పడతారు గానీ పేగు చెడిపోదు.

రెండోది పేగుపూత. అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ ఈ కోవలోవి. పేగు గోడ వాచి పుండ్లు పడతాయి. ఇది పట్టణాల జబ్బు, డబ్బున్నవారి జబ్బు అనుకునేవాళ్లం. హైదరాబాద్‌లోని ఏఐజీ ఆస్పత్రి వైద్యులు 2023లో ప్రచురించిన అధ్యయనంలో పల్లెల నుంచి వచ్చిన రోగుల్లోనూ ఇది పట్టణవాసులకు తీసిపోకుండా కనిపించింది. అంటే వర్ని, కోటగిరి, రెంజల్ ఊళ్లలోనూ ఈ జబ్బుతో ఉన్నవారు ఉంటారన్నమాట.

మూడోది సీలియాక్. గోధుమలోని గ్లూటెన్ అనే మాంసకృత్తు పడక చిన్నపేగు దెబ్బతింటుంది. 2016లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఉత్తర భారతంలో వందకు ఒకరికి పైగా ఉంటే, దక్షిణాదిలో వెయ్యికి ఒకరికే ఉంది. తక్కువే గానీ ఉన్నవారికి మినహాయింపు లేదు. జీవితాంతం గోధుమ ముట్టకూడదు. ‘ఒక్క ముద్దకు ఏం కాదు తియ్’ అని చుట్టాలు బతిమాలే మాట ఐబీఎస్ ఉన్నవారి విషయంలో కొంతవరకు నిజం కావచ్చు. సీలియాక్ ఉన్నవారి విషయంలో పూర్తిగా తప్పు.

మన టిఫిన్ సెంటర్‌లో ఏముంది?

సీలియాక్ రోగికి మన ప్రాంతం నిజానికి అనుకూలమే. జొన్నరొట్టె, మక్కరొట్టె, సర్వపిండి, అన్నం, పప్పు, పచ్చిపులుసు... వీటి ముడి సరుకుల్లో గోధుమ లేదు. చిక్కంతా వంట దగ్గరే. చపాతీ కాల్చిన పెనం మీదే జొన్నరొట్టె కాలుస్తారు. దోశ పిండిలో కొన్నిచోట్ల మైదా కలుపుతారు. మైసూర్ బోండా మైదాదే, ఉప్మా గోధుమ రవ్వదే. హలీంలో గోధుమ తప్పనిసరి. ఎవరూ ఊహించనిది ఇంగువ. అంగట్లో దొరికే పొడి ఇంగువలో చాలావరకు మైదా కలిసి ఉంటుంది. కాబట్టి బియ్యపు రవ్వతో చేసిన ఇడ్లీ మంచిదే అయినా, పక్కనున్న సాంబార్ కాకపోవచ్చు.

పేగుపూత ఉన్నవారి లెక్క వేరు. జబ్బు అణిగి ఉన్నప్పుడు మామూలు భోజనం చేయొచ్చు. కారం, మసాలా వల్లే ఈ జబ్బు వస్తుందనడానికి రుజువు లేదు. జబ్బు రేగినప్పుడు మాత్రం కారం, నూనె, పచ్చి కూరగాయలు బాధ పెంచుతాయి. క్రోన్స్ వల్ల పేగు సన్నబడినవారు మక్క కంకులు, పల్లీలు, పీచు ఎక్కువుండే కూరలు తింటే పేగుకు అడ్డం పడొచ్చు.

స్టెరాయిడ్లు, అజాథయోప్రిన్, బయాలజిక్ ఇంజెక్షన్లు వాడేవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఇవి శరీరపు రక్షణ శక్తిని తగ్గిస్తాయి. ఇతరులకు రెండు రోజుల్లో తగ్గే ఫుడ్ పాయిజనింగ్ వీరిని ఐసీయూ దాకా తీసుకెళ్లొచ్చు. పచ్చి గుడ్డు మయోనైజ్, కోసి పెట్టిన పండ్లు, నీళ్లు కలిపి గంటల తరబడి ఉంచిన చట్నీ వీరికి వద్దు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడినా, ఎండాకాలం చెరకు రసం బండ్లకు మాత్రం లోటు లేదు. భయం చెరకుతో కాదు, అందులో వేసే ఐసుతో, గ్లాసు కడిగిన నీళ్లతో.

చట్టం ఎక్కడ ఆగింది?

గోధుమ, పాలు, గుడ్డు, పల్లీ, సోయా లాంటివి వంటకంలో ఉంటే ఆ సమాచారం గ్రాహకులకు తెలపాలని 2020 నాటి ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. అయితే అది కేంద్ర లైసెన్సు ఉన్న సంస్థలకు, పది, అంతకుమించి శాఖలున్న హోటళ్లకే. పెద్ద బ్రాండు పిజ్జా దుకాణానికి వర్తిస్తుంది. బస్టాండు ఎదుటి టిఫిన్ సెంటర్‌కు, పెళ్లి వంట మేస్త్రీకి వర్తించదు. మనవాళ్లు ఎక్కువగా తినేది అక్కడే కదా!

తనిఖీలు కుళ్లిన మాంసాన్ని పట్టుకుంటాయి, అది అవసరమే. దోశలో మైదా కలపడం నేరం కాదు కనుక ఏ అధికారీ దాన్ని పట్టుకోడు. ఆ ఖాళీని చిన్న బోర్డుతో పూడ్చవచ్చు. ‘ఇందులో గోధుమ, పాలు, పల్లీ ఉన్నాయి’ అని తెలుగులో రాసిపెట్టడానికి చిన్న హోటల్‌కూ పెద్ద ఖర్చేమీ కాదు. లైసెన్సు రెన్యువల్ సమయంలో అధికారులు ఈ మాట చెప్పినా మార్పు మొదలవుతుంది.

టాయిలెట్ విషయం ఇంకా దారుణం. పేగుపూత రేగినవారికి విరేచనం ఆపుకునే వ్యవధి ఉండదు. ఆ భయంతోనే చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్లు, ప్రయాణంలో నీళ్లు కూడా తాగరు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం 2005లో ఇలాంటి రోగులకు దుకాణాల్లోని సిబ్బంది టాయిలెట్ వాడుకునే హక్కు కల్పించింది. క్రోన్స్ ఉన్న ఒక బాలికను ఒక దుకాణంలో టాయిలెట్‌కు వెళ్లనివ్వకపోవడమే ఆ చట్టానికి మూలం. మనకు అంత దూరం అక్కర్లేదు. హోటల్‌లో ఉన్న టాయిలెట్‌కు తాళం వేయకుండా, శుభ్రంగా ఉంచితే చాలు.

వెళ్లండి, ఇలా వెళ్లండి

అడగడానికి మొహమాటపడొద్దు. ‘అన్నా, దోశ పిండిల మైదా గాని రవ్వ గాని కలుపుతరా?’ అని నేరుగా అడగండి. ‘నాకు పడదు’ అంటే తేలిగ్గా తీసుకుంటారు. ‘డాక్టర్ వద్దన్నడు’ అంటే వింటారు. రద్దీ లేని వేళకు వెళితే వేడివేడిగా వండింది దొరుకుతుంది, సమాధానం చెప్పే తీరికా వాళ్లకు ఉంటుంది.

దావత్‌కు వెళ్లేముందు ఇంట్లో కొంచెం తినండి. అక్కడ తెల్లన్నం, పప్పు, పెరుగు పడితే వాటితో సరిపెట్టండి. బంధువులకు నాదో విన్నపం. విస్తరిలో ఏముందని చూడకండి, బలవంతం చేయకండి. మనిషి వచ్చాడు, అది చాలు.

మందులు మాత్రం ఎక్కడికెళ్లినా వెంట ఉండాలి. పేగుపూతను తిరగబెట్టే కారణాల్లో ముఖ్యమైనది ‘బాగానే ఉంది కదా’ అని మాత్రలు ఆపేయడం. పెళ్లిలో తిన్న బిర్యానీని తిట్టుకుంటారు గానీ నెల క్రితం ఆపిన మాత్ర గుర్తుకురాదు. ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో అడిగి వేసుకునే పెయిన్ కిల్లర్లు కూడా దీన్ని రేపొచ్చు.

ఇంతవరకు పరీక్షే చేయించుకోనివారికి ఒక మాట. మలంలో రక్తం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, జ్వరం, రక్తహీనత... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది ‘గ్యాస్’ అనుకోవద్దు. మన దేశంలో పేగు క్షయ కూడా అచ్చం క్రోన్స్‌లాగే కనిపిస్తుంది, రెండింటి వైద్యం పూర్తిగా వేరు. సీలియాక్ అనుమానం ఉంటే రక్తపరీక్ష చేయించుకునేదాకా గోధుమ మానకండి. ముందే మానేస్తే పరీక్షలో జబ్బు బయటపడకపోవచ్చు. జబ్బు పేరు తేలాక ఏం తినాలో, ఎక్కడ తినాలో మీ డాక్టర్‌తో కూర్చుని ఒక జాబితా రాసుకోండి. అందులో ‘వద్దు’ అన్నవాటికంటే ‘తినొచ్చు’ అన్నవే ఎక్కువ ఉంటాయి.