తొందర వంటకు తక్కువతనమా?

కడప సీమలో కోడికూర యనగానే రాగిసంగటియు, దానికి తోడుగా నాటుకోడి పులుసును స్ఫురించును. గంటలకొలది సన్నని సెగపై ఉడికినదే కూర యనియు, సాయంకాలము ఇల్లు చేరిన ఇల్లాలు వెడల్పు బాణలిలో అరగంటలో వేయించి దించునది కూరయే కాదనియు కొందరు తీర్పు చెప్పుచుందురు. ఈ తీర్పు న్యాయమైనది కాదు.

నాటుకోడికి నిదానము అవసరమగుట నిజమే. నెలల తరబడి తిరిగి మేసిన పక్షి కండ గట్టిది. అది మెత్తబడుటకు నీరును, కాలమును కావలెను. బ్రాయిలరు కోడి యన్ననో ఇంచుమించు ఆరు వారములకే వంటకు వచ్చును. దాని మాంసము లేతది. గంటలకొలది ఉడికించినచో పీచుపీచగును. కనుక త్వరగా వండుట సోమరితనము కాదు. ఆ మాంసమునకు తగిన పద్ధతి.

ఇక సంప్రదాయము మాట. 13వ శతాబ్దిలో కాయస్థ నాయకుడు అంబదేవుడు, పుష్పగిరి చెంతనున్న వల్లూరు రాజధానిగా పాలించెను. నాటి వల్లూరు వంటయిండ్లలో మిరపకాయ లేదు. అది అమెరికా ఖండపు పంట. 1498లో వాస్కో డ గామా కేరళ తీరము చేరిన పిమ్మట, పోర్చుగీసువారి మూలమున ఈ దేశమునకు వచ్చినది. అంతకుముందు కారమునకు మిరియమే దిక్కు. మిరప యను పేరులోనే మిరియపు జాడ కలదు. నాటి అతిథి నేడు వంటయింటికి యజమాని యైనప్పుడు, తొందర వంటను మాత్రము గడప వెలుపల నిలుపుట యేల?

అయితే తొందరకును ఒక శాస్త్రము కలదు. ముక్కలు చిన్నవిగా నుండవలెను; ఒకదానిపై నొకటి పడక బాణలిలో పరచుకొనవలెను. వెడల్పు పాత్రలో నీరు త్వరగా ఇగురును. ఆపైననే ముక్క ఎర్రబారి కమ్మని వాసన వచ్చును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయ్యార్ 1912లో వివరించిన రసాయనిక చర్య యిదియే. ఎర్రగడ్డ, అల్లము, తెల్లగడ్డ వేగిన పిదప సెగ తగ్గించి కారము చల్లవలెను. మండు నూనెలో వేసినచో అది మాడి చేదగును. ముక్క నడుమ వేడి 74 డిగ్రీల సెల్సియసుకు చేరవలెను. అంతకుముందే దించుట తొందర కాదు, ప్రమాదము.

పగలెల్ల బడిలోనో పొలములోనో శ్రమించి వచ్చిన స్త్రీని, పాతకాలపు రుచి పేరిట మరల గంటలకొలది పొయ్యిముందు నిలబెట్టుట సంప్రదాయమునకు గౌరవము కాదు. నిదానపు పులుసే కావలెనన్న వారు ఆదివారమునాడు తామే పొయ్యి రాజేయవచ్చును.