పట్టికకెక్కని విజయము

పరీక్షాఫలితములు వెలువడిన నాడు పత్రికలనిండ అంకెలే. వాని వెనుకనున్న శ్రమను మేము తక్కువ చేయము. కాని ఆ అంకెలలో ఇమడని విజయములు కూడ బాలుర జీవితములలో దినదినము జరుగుచున్నవి, చూచువారే అరుదు.

మా ఉపాధ్యాయ మిత్రు డొకరు ఆరవ తరగతివారిని “నేను సాధించిన విజయము” అను విషయముపై వ్యాసము వ్రాయుడనిరి. అందఱును బహుమతులను గూర్చి, పరుగుపందెములను గూర్చి వ్రాసిరి. ఒక బాలుడు మాత్రము కుక్కపిల్లను గూర్చి వ్రాసెను. ఎవరో విసరిన రాతికి కాలు కుంటువడి, మనిషి అలికిడికే బండి క్రింద దూరు వీథిపిల్ల అది. ఈతడు నిత్యము పెరుగన్నపు ముద్ద యొకటి దూరముగా నుంచి, వెనుకకు పోయి కూర్చుండెడివాడు. దినమున కొక అడుగు దగ్గరకు జరిగెడివాడు. తొమ్మిదవనాడు అది ఆతని చేతిలోని అన్నము తినెను. వ్యాసమంతయు నింతే. మిత్రులు తప్పులు దిద్ది, “విషయమునకు సంబంధము లేదు” అని వ్రాసిరట. ఆ రాత్రి నిద్ర పట్టలేదని మాతో నొప్పుకొనిరి.

సంబంధము లేకపోవుట యేమి? ఎదుటి ప్రాణి భయమును గ్రహించి తొమ్మిది దినములు ఓపిక పట్టుట పెద్దలలో నెందఱికి చేతనగును?

ఇట్టి ఓపిక చాల పురాతనమైనది. 1914లో జర్మనీ దేశమున, బాన్ నగర సమీపమునందలి ఓబర్‌కాసెల్ వద్ద, రాతిగనిలో పనివారికొక సమాధి బయల్పడెను. సుమారు 14,000 సంవత్సరముల నాటిది. అందొక పురుషుడు, ఒక స్త్రీ, వారితో ఒక కుక్కపిల్ల. దాని దంతములపై మిగిలిన జాడలను పరిశీలించి పండితులు 2018లో ఒక విషయము ప్రకటించిరి. ఆ పిల్లకు అయిదవ నెల ప్రాంతమున డిస్టెంపరు వ్యాధి సోకినది. ఏడవ నెలలో అది చనిపోయినది. నడుమ వారముల తరబడి తీవ్రముగా జబ్బుపడినది. వేటకు పనికిరాదు, కావలికి పనికిరాదు. ఎవరో నీరు త్రాగించి, మేను తుడిచి, వెచ్చగా నుంచిననే గాని అంతకాలము బ్రతికియుండదని వారి అభిప్రాయము. వేట దొరకిన నాడే కడుపు నిండు కాలమది!

మన భారతమున నీ ప్రసంగము ఆదిపర్వముననే కలదు. జనమేజయుని తమ్ములు యాగభూమిలో తప్పెఱుగని కుక్కపిల్లను కొట్టగా, తల్లి సరమ వచ్చి రాజును నిలదీసెను. అంతటి రాజును ఆ దోషశాంతికై పురోహితుని వెదకుకొనవలసి వచ్చెను. ఉపాధ్యాయులు ఈ ఘట్టమును ప్రతిపదార్థముతో ముగింపక, “మీ వీథిలోని సరమను మీ రెఱుగుదురా?” అని యడిగి చూతురు గాక.

వాత్సల్యము వేఱు, అజాగ్రత్త వేఱు. ఎఱుగని కుక్క చెంతకు పిల్లలు పెద్దల తోడు లేక పోరాదు. రేబిస్ లక్షణములు కనబడిన పిదప ప్రాణము దక్కుట దాదాపు అసాధ్యము. ముందుగా టీకా పడినచో దానిని తప్పించుకొనవచ్చును. 1885లోనే పాశ్చరు ఈ మార్గము చూపెను. కాటు పడిన వెంటనే గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడిగి ఆసుపత్రికి పోవలెను. పసుపు, కారము అద్దుచు కూర్చుండరాదు.

ఆ కుంటిపిల్లకు బాలుని తండ్రి పశువైద్యశాలలో టీకా వేయించెనట. ఇపుడది వారి అరుగుమీదనే పరుండును. బడి విడుచు వేళకు కుంటుచు వీథి మలుపు దాక వచ్చి నిలుచును. మా మిత్రులు మఱునాడే ఆ పుస్తకము మరల తెప్పించుకొని తమ వ్రాతను కొట్టివేసిరి. మార్కు లెన్ని వేసిరో మే మడుగలేదు.